వరసలో చివరి సైకిల్

రాస్తున్నావా అమ్మలూ? మెల్లగా రాయి. నాకు మాట మెల్లగా వస్తుంది, నీకేమో పెన్ను పరిగెడుతుంది. ఆ, ఎక్కడున్నాం? బాణం దగ్గర కదూ.

బాణం అంటే విల్లుతో వేసేది కాదు. ఆరో తరగతి పిల్ల. సైకిలెక్కిందంటే వెనక్కి తిరిగి చూడదు. అందుకే వీధిలో వాళ్ళు ఆ పేరు పెట్టారు. వాళ్ళమ్మ కూడా కోపం వస్తే తప్ప అసలు పేరుతో పిలవడం మానేసింది.

ఆ మధ్యాహ్నం బాణం క్లాసులో నేల మీద బోర్లా పడుకుని ఉంది. ముందు ఊరి మ్యాపు పరిచి ఉంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని నీలం స్కెచ్ పెన్నుతో ఇంటి దగ్గర్నుంచి స్కూలు దాకా గీత గీస్తోంది. గీత స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నగా వచ్చింది.

డ్రిల్ టీచర్ వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది.

"అయిందా?"

"అయిపోయింది టీచర్. ఇదిగో."

బాణం వాళ్ళ కాలనీ నుంచి ఎనిమిదిమంది పిల్లలు ఆ స్కూలుకి వస్తారు. సోమవారం నుంచి ఎనిమిదిమందీ ఒకే వరసలో సైకిళ్ళ మీద రావాలని టీచర్ ఆలోచన. ఏ దారిన రావాలో చూసే పని బాణానికి అప్పజెప్పింది. దానికి తోడు ఊరి రోడ్ల ఆఫీసు వాళ్ళు స్కూలుకి ఒక కాగితం పంపారు. పిల్లలు సైకిల్ తొక్కడానికి ఏ రోడ్డు బాగుందో పదికి మార్కులు వేసి వచ్చే శుక్రవారంలోగా పంపమన్నారు. ఎక్కువ మార్కులొచ్చిన రోడ్డుకి బోర్డులు, దీపాలు, బండ్లు చొరబడకుండా అడ్డస్తంభాలు పెడతారట.

టీచర్ కాగితం చూసింది.

"పెద్ద రోడ్డుకి తొమ్మిదా! ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించావు?"

"మొత్తం పది వేసేస్తే కాపీ కొట్టినట్టుంటుంది టీచర్."

టీచర్ నవ్వాపుకుంది. "వెనక సందులకి మూడేనా?"

"ఆ సందులు మలుపులే మలుపులు టీచర్. దారం చిక్కు పడ్డట్టుంటాయి. పెద్ద రోడ్డుకైతే సైకిళ్ళకని వేరేగా నీలం దారి వేశారు. దాని మీద తెల్ల సైకిల్ బొమ్మలు కూడా ఉన్నాయి. ఏడు నిమిషాల్లో వచ్చేశా. సందుల్లోంచి పదకొండు."

"ఎప్పుడు వెళ్ళి చూశావు?"

"ఆదివారం పొద్దున ఆరింటికి."

టీచర్ ఏదో అనబోయింది. ఇంతలో బెల్లు కొట్టారు. "సరే, సోమవారం నీ దారినే వద్దాం. నేను వరస మధ్యలో ఉంటా. నువ్వు ముందుంటావా, చివరుంటావా?"

ఈ ప్రశ్నకి బాణం ఆలోచించలేదు. "ముందే టీచర్!" అంది.

* * *

బాణం పక్కింట్లో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి ఉంది. గుండ్రటి మొహం, గుండ్రటి కళ్ళు. పేరు గుండీ. చొక్కాకి కుట్టుకునే గుండీ అంత ఉంటుందని వాళ్ళ నాన్నమ్మ పెట్టిన పేరు. దానికో ఎర్ర సైకిల్ ఉంది. పిన్నికూతురు తొక్కి వదిలేసింది. చక్రాలు చిన్నవి, బెల్లు మాత్రం పెద్దది.

గుండీ వాళ్ళమ్మ ఆసుపత్రిలో బట్టలుతికే చోట పని చేస్తుంది. ఆరింటికల్లా మిషన్ల దగ్గర ఉండాలి. అందుకని తెల్లవారుజామున ఐదున్నరకి గుండీని నిద్ర లేపి, నడిపించుకెళ్ళి స్కూలు గేటు దగ్గర దింపుతుంది. గేటు తాళం తీసేది ఎనిమిదింటికి. అప్పటిదాకా గుండీ వాచ్‌మన్ పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. అక్కడ పాకే చీమలన్నిటికీ పేర్లు పెట్టేసింది.

సైకిళ్ళ వరస మాట వినగానే ఆ తల్లి ప్రాణం లేచొచ్చింది. సోమవారం తెల్లారగట్ట గుండీని నిద్రలోనే ఎత్తుకొచ్చి, బాణం పక్కలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి వెళ్ళింది.

"అక్కా, ఇవాళ ఏడింటిదాకా పడుకున్నా!" అంది గుండీ లేచి, లాటరీ తగిలినట్టు.

ఎనిమిదింటికి పది నిమిషాలుందనగా ఎనిమిదిమందీ వీధి చివర చేరారు. బాణం అందర్నీ వరసలో నిలబెట్టింది. గట్టిగా తొక్కేవాళ్ళు ముందు, ఆ తర్వాత కొంచెం మెల్లగా తొక్కేవాళ్ళు. అందరికన్నా చివర గుండీ. చూడ్డానికి మెట్లు కట్టినట్టు భలే ఉంది.

"పదండి!" అంది బాణం.

పెద్ద రోడ్డు ఎక్కగానే బాణానికి ఒక సంగతి అర్థమైంది. ఇది ఆదివారం నాటి రోడ్డు కాదు. దాని అన్నో, తమ్ముడో అయ్యుండాలి. నీలం దారి మీద సామాన్ల వ్యాన్లు తమ సొంత పెరట్లో ఉన్నట్టు నిలబడి ఉన్నాయి. బాణం చటుక్కున రోడ్డు మీదకి వంకర తిప్పి, వ్యాను దాటి, మళ్ళీ నీలం గీత మీదకి వచ్చింది. ఒక చోట నీలం దారి మధ్యలో కరెంటు స్తంభం ఉంది. దాన్నీ తప్పించింది. బస్సు ఆగితే బస్సు వెనకనుంచి చుట్టి వచ్చింది. ఇవన్నీ తను చేస్తున్నానని కూడా దానికి తెలీదు. మనం మెట్లు దిగేటప్పుడు కాళ్ళని లెక్కపెడతామా?

కూడలి దగ్గర సైకిళ్ళకి పచ్చలైటు వెలిగింది. పద్నాలుగు, పదమూడు, పన్నెండు... అంకెలు తగ్గుతున్నాయి. బాణం ఐదు లెక్కపెట్టేలోగా అవతల ఉంది. మిగతావాళ్ళు ఒకళ్ళ వెనక ఒకళ్ళు వస్తున్నారు. టీచర్ వచ్చింది. చివరి ఇద్దరూ ఎర్రలైటు పడుతుండగా వచ్చి పడ్డారు.

బాణం గర్వంగా తిరిగి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... తనతో కలిపి ఏడు.

మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే.

"గుండీ ఏది?" అంది టీచర్.

రోడ్డుకి అవతల పెద్ద బస్సు అడ్డంగా ఉంది. బస్సు కదిలింది. దాని వెనక ఎవరూ లేరు.

"ఎవ్వరూ కదలొద్దు!" అని టీచర్ సైకిల్ స్టాండు వేసి, మళ్ళీ పచ్చలైటు పడేదాకా ఆగి, అవతలికి పరిగెత్తింది. వెళ్ళి రావడానికి మూడు నిమిషాలు పట్టింది. మూడు నిమిషాలు ఎంత పొడుగో బాణానికి ఆ రోజే తెలిసింది.

టీచర్ ఒక చేత్తో ఎర్ర సైకిల్, ఇంకో చేత్తో గుండీని నడిపించుకుంటూ వచ్చింది. గుండీ మోకాలు చెక్కుకుపోయింది. ముందు చక్రం వంకర పోయింది.

ఏమైందంటే, వ్యానుని తప్పించబోతే వెనకనుంచి బస్సు హారన్ కొట్టింది. గుండీ భయపడి పక్కకి లాగేసింది. అక్కడ మురుక్కాలవ మీద ఇనప కమ్మీల మూత ఉంది. కమ్మీలు దారి పొడుగునే వేశారు. పెద్ద సైకిళ్ళ చక్రాలు వాటి మీదనుంచి దొర్లిపోతాయి. గుండీ చక్రం సన్నది, చిన్నది. రెండు కమ్మీల మధ్యలోకి దిగబడింది. గుండీ కింద పడింది. కొట్లకి గుడ్లు వేసే గుడ్ల మావయ్య అటు పోతూ తన సైకిల్ ఆపి, దాన్ని లేవదీసి, ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టాడు.

గుండీ అప్పటిదాకా ఏడవలేదు. బాణాన్ని చూడగానే పెదవి వణికింది.

"నేను పిలిచా అక్కా. బెల్లు కూడా కొట్టా. నువ్వు వెనక్కి చూళ్ళేదు."



* * *

సాయంత్రం గుండీ వాళ్ళమ్మ వచ్చింది. కేకలేస్తుందేమోనని బాణం తలుపు వెనక నిలబడింది. ఆవిడ కేకలెయ్యలేదు.

"నీ తప్పేం లేదులేమ్మా. నువ్వూ చిన్నదానివే. రేపట్నుంచి నేనే దింపేస్తా" అంది. అంతే.

ఆవిడ తిట్టినా బాగుండేది.

ఆవిడ వెళ్ళాక బాణం వాళ్ళమ్మ దగ్గర గింజుకుంది. "నేను సరిగ్గానే వెళ్ళానమ్మా! మిగతా ఆరుగురు రాలేదా? అదే నత్తలా తొక్కింది."

"అవును, అదే నత్తలా తొక్కింది. నత్తని చివర పెట్టిందెవరు?" అంది వాళ్ళమ్మ, చేస్తున్న పని ఆపకుండా.

మర్నాడు తెల్లారగట్ట పక్కింటి గడియ తీసిన చప్పుడైంది. బాణానికి మెలకువ వచ్చేసింది. కిటికీలోంచి చూసింది. వీధి దీపం కింద గుండీ వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తోంది. కళ్ళు మూసుకునే నడుస్తోంది. బూటు లేసు ఒకటి నేల మీద ఈడ్చుకుపోతోంది.

స్కూలు గేటు దగ్గర స్టూలు గుర్తొచ్చింది బాణానికి. చీమలు గుర్తొచ్చాయి. మళ్ళీ నిద్ర పట్టలేదు.

* * *

ఆ సాయంత్రం వీధి చివర కొట్టు ముందు గుడ్ల మావయ్య సైకిల్ ఆగి ఉంది. క్యారియర్ మీద అట్ట ట్రేలు పది, ఒకదాని మీద ఒకటి, రబ్బరు తాడుతో కట్టి ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఆయన ఊరంతా అలాగే గుడ్లు వేస్తాడు. మనిషి సన్నం, మీసం లావు.

"ఓహో, బాణమా! నిన్న నీ తోక ఊడి నా కాళ్ళ దగ్గర పడిందే" అన్నాడు.

వేరే రోజైతే బాణం గట్టి జవాబు చెప్పేది. ఇవాళ తల దించుకుంది. అది చూసి ఆయన మీసం కింద నవ్వు మానేశాడు.

"మావయ్యా, నువ్వు నీలం దారిన పోతావా?"

"గుడ్లన్నీ వేసేసి ఖాళీగా వచ్చేటప్పుడు పోతా. గుడ్లుంటే పోను. సందుల్లోంచి పోతా."

"ఎందుకు? అది వెడల్పుగా, నున్నగా ఉంటుంది కదా!"

"ఉంటుంది. నాకైతే ఆ రోడ్డంటే ఇష్టమే. రొమ్ము విరుచుకుని తొక్కుతా. కానీ నన్నడిగితే ఏం తెలుస్తుంది? గుడ్లనడుగు."

"గుడ్లు మాట్లాడతాయా?"

"ఎందుకు మాట్లాడవు? ఇటు రా."

ఆయన తాడు విప్పి, ఒక ట్రే కిందకి దించి చూపించాడు. ట్రేలో ముందు వరసల గుడ్లు నిగనిగలాడుతున్నాయి. చివర, క్యారియర్ అంచు దాటి బయటికి వచ్చిన మూలన, ఒక గుడ్డుకి వెంట్రుక అంత చీలిక ఉంది.

"ఇవాళ ఇళ్ళ గేట్ల ముందు ఎత్తుపల్లాలు నాలుగు దాటా. నాకు ఒక్కటీ తెలీలేదు. దీనికి తెలిసింది. నువ్వెప్పుడైనా బస్సులో చిట్టచివరి సీట్లో కూర్చున్నావా?"

"కూర్చున్నా. గుంత వస్తే తల పైన కొట్టుకుంటుంది."

"మరి డ్రైవరు తల కొట్టుకుంటుందా?"

"కొట్టుకోదు."

"ఆ, అదీ సంగతి. అందుకని దారి ఎలా ఉందో నేను చెప్పను. ఇంటికి పోయాక చివరి గుడ్డు చెబుతుంది." ఆయన చీలిన గుడ్డు తీసి విడిగా పెట్టుకున్నాడు. "అవునూ, నువ్వు ఆ రోడ్డుని ఆదివారం చూసి మార్కులేశావటగా? మీ టీచరమ్మ చెప్పింది."

"ఊఁ."

"చుట్టాలొచ్చినప్పుడు చూసి, మీ ఇంట్లో పిల్లలు ఎంత బుద్ధిమంతులో అన్నట్టుంది. ఆ స్తంభం సంగతేంటి మరి? దారికి రంగేసినవాడు స్తంభం దాకా వేసి, టీ తాగొచ్చి, అవతలనుంచి మళ్ళీ మొదలెట్టాడు!"

కొట్టులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. బాణానికీ నవ్వొచ్చింది. కానీ సగంలోనే ఆగిపోయింది. ట్రే చివర ఉన్న ఆ గుడ్డునే చూస్తూ నిలబడింది.

* * *

ఇంటికి వెళ్ళి మ్యాపూ, ఎర్ర పెన్సిలూ తీసుకుని పక్కింటి తలుపు కొట్టింది.

గుండీ మోకాలికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. బాణాన్ని చూసి, "నేను సైకిలెక్కను" అంది ముందే.

"ఎక్కొద్దు. నడిచే వెళ్దాం. నాకు నువ్వు ఒక పని చేసిపెట్టాలి." బాణం పెన్సిలు దాని చేతిలో పెట్టింది. "దారిలో నీకు ఎక్కడ భయమేస్తే అక్కడ ఈ మ్యాపు మీద ఇంటూ గుర్తు పెట్టాలి."

గుండీ పెన్సిలు కొన చూసుకుంది. "ఎన్ని పెట్టొచ్చు?"

"ఎన్నైనా."

"ఎక్కువ పెడితే నాకు మార్కులు తగ్గిస్తారా?"

"నీకు కాదు, రోడ్డుకి తగ్గిస్తాం."

ఈ మాట గుండీకి బాగా నచ్చింది. రోడ్డుకి మార్కులు తగ్గించే అవకాశం ఎనిమిదేళ్ళ పిల్లకి ఎప్పుడొస్తుంది?

గుండీ వాళ్ళమ్మ వంటింటి గడపలో నిలబడి వింటోంది. "రేపు బుధవారం, నాకు సెలవు. నేనూ వస్తా" అంది. "ఏ టైముకి?"

"స్కూలు టైముకే పిన్నీ. రోడ్డు రద్దీగా ఉన్నప్పుడే చూడాలి."

మర్నాడు ముగ్గురూ తొందరగా బయల్దేరారు. గుండీ ముందు, వాళ్ళమ్మ పక్కన. బాణం వెనక. ముందు పెద్ద రోడ్డు మీద నడిచారు.

పది అడుగులు వేశారో లేదో గుండీ ఆగింది. "ఇక్కడ ఇంటూ."

"ఇక్కడేముంది?"

"నాకు కనపడట్లేదు."

"ఏం కనపడట్లేదు?"

"ఏదీ."

బాణం వంగింది. గుండీ మొహం పక్కన తన మొహం పెట్టి చూసింది. ఆగి ఉన్న వ్యాను చక్రం కనిపించింది. దాని కింద నూనె మరక కనిపించింది. అంతకు మించి ప్రపంచమే లేదు. బాణం లేచి నిలబడితే రోడ్డంతా కనిపిస్తోంది. మళ్ళీ వంగితే చక్రమే.

"పెట్టు" అంది మెల్లగా.

బస్సులాగే చోట ఒకటి. స్తంభం దగ్గర ఒకటి. ఇనప కమ్మీల మూతలు ఐదుంటే ఐదింటికీ ఐదు. ఒక పెద్ద షట్టరు ముందు ఇంకొకటి.

"షట్టరు ఏం చేస్తుందే నిన్ను?" అని బాణం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేద్దామనుకుంది కానీ సగం బయటికొచ్చేసింది. "షట్టరు ఏం..."

"నువ్వు ఎన్నైనా అన్నావు" అంది గుండీ.

"అన్నా. పెట్టు."

అంతలో ఆ షట్టరు ధడేల్మని పైకి లేచింది. లోపలినుంచి తోపుడుబండి ఒకటి నీలం దారి మీదకి దూసుకొచ్చింది. గుండీ వాళ్ళమ్మ కూతుర్ని వెనక్కి లాగింది. బాణం రెండడుగులు వెనక్కి గెంతింది. గుండీ మాత్రం "ఈ టైముకే తెరుస్తారు. బుధవారాలు అమ్మతో వెళ్ళేటప్పుడు చూశాగా" అని మ్యాపు గోడకి ఆనించి ఇంటూని ఇంకా లావుగా దిద్దింది.

కూడలి దగ్గర బాణం అంకెలు లెక్కపెట్టింది. పద్నాలుగు సెకన్లు. గుండీ సగం దాటేసరికి ఎర్రలైటు పడింది. వాళ్ళమ్మ దాన్ని ఎత్తుకుని పరిగెత్తింది. "ఇలాంటి చోట మొన్న దీన్ని..." అని ఏదో అనబోయి ఊరుకుంది. బాణం మొహం చూసి ఊరుకుంది.

పెద్ద రోడ్డుకి పద్నాలుగు ఇంటూలు పడ్డాయి. పెన్సిలు రెండుసార్లు చెక్కాల్సి వచ్చింది.

తర్వాత సందుల దారి పట్టారు. ఒక మలుపులో నల్లటి కుక్క, దూడంత ఉంది, అడ్డంగా పడుకుని ఉంది. ఇక్కడ తప్పకుండా పెడుతుందని బాణం మ్యాపు అందించింది. గుండీ తీసుకోలేదు.

"అది పడుకునే కుక్క అక్కా. నాకు తెలుసు."

ఇల్లు కడుతున్న చోట ఇసక కుప్పకి ఒకటి. ఎదురుగా వచ్చేవాళ్ళు కనపడని మలుపుకి ఒకటి. మొత్తం రెండే. ఆ దారిన పెద్ద రోడ్డు దాటాల్సింది కంటాసుపత్రి ముందు. ముసలివాళ్ళు దాటాలి కదా, అక్కడ పచ్చలైటు నలభై సెకన్లుంటుంది. గుండీ కుంటుకుంటూ నడిచి కూడా ఇరవై మూడు సెకన్లలో దాటేసింది. అవతల నిలబడి, అంకెలు ఇంకా మిగిలి ఉంటే ఆశ్చర్యంగా చూసింది.

"మిగిలిందే!" అంది.

* * *

గురువారం డ్రిల్ టీచర్ దగ్గర బాణం కాగితం ముందు పెట్టుకుని రబ్బరుతో తుడిచింది. తొమ్మిది పోయింది కానీ కాగితం పలచబడి అవతల వేలు కనిపించింది. అక్కడ మూడు వేసింది. సందుల దారికి మూడు తుడిచి ఎనిమిది వేసింది. ఇంటూలున్న మ్యాపుని కాగితానికి గుండుసూదితో గుచ్చింది.

"సందుల దారిన వరస అంతా ఎంతసేపట్లో వస్తుంది?" అంది టీచర్.

"ఇరవై నిమిషాలు టీచర్. ఇంకా ముందే బయల్దేరాలి. మా వరస పిల్లలంతా నన్ను తిడతారు."

"తిట్టనీ." టీచర్ మ్యాపు మీద ఇంటూలన్నీ వేలితో లెక్కపెట్టింది. "సోమవారం నేనూ ఒక్కసారి కూడా వెనక్కి చూళ్ళేదు బాణం. నువ్వు ముందున్నావని ధీమాగా ఉన్నా."

కాగితం చివర 'దారి పరీక్షించినవారు' అని ఒక గీత ఉంది. బాణం అక్కడ వారం క్రితమే తన పేరు సున్నాలు చుట్టి అందంగా రాసుకుంది. ఇప్పుడు దాని పైన ఉన్న కాస్త జాగాలో, ఇరుకుగా, గుండీ పేరు రాసింది. టీచర్ సంతకం పెట్టేసింది.

ఆ సాయంత్రం బాణం పక్కింటికి వెళ్ళి ఇరవై నిమిషాల సంగతీ, వరస సంగతీ చెప్పింది. గుండీ వాళ్ళమ్మ "చూద్దాంలే" అంది. ఆ మాటకి అవునని అర్థమో, కాదని అర్థమో బాణానికి తెలీలేదు.

శుక్రవారం తెల్లారగట్ట ఎవరో దుప్పటి ఎత్తారు. బాణం పక్కలోకి వెచ్చటి మూట ఒకటి వచ్చి చేరింది. మూటకి మోకాలి దగ్గర కట్టు ఉంది. గుండీ వాళ్ళమ్మ చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది. బాణం కళ్ళు తెరవలేదు. నవ్వు మాత్రం దాచుకోలేకపోయింది.

వీధి చివర ఎనిమిది సైకిళ్ళు చేరాయి. గుండీ చక్రం సరిచేయించారు. బాణం ఎర్ర సైకిల్‌ని నడిపించుకెళ్ళి వరసకి అందరికన్నా ముందు నిలబెట్టింది. సందుల దారే కదా అని రెండుసార్లు అడిగి గుండీ ఎక్కింది. టీచర్ ఎప్పట్లాగే మధ్యలో. బాణం వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళి చిట్టచివర నిలబడింది.

"ఇదేంట్రా బాబూ, బాణం తోక చేరింది!" అన్నాడు ఏడో తరగతి పొడుగువాడు.

"బాణానికి ఈకలుండేది తోకకే. అవి లేకపోతే గోడకి గుద్దుకుంటుంది. తిన్నగా చూసుకుని తొక్కు" అంది బాణం.

వరస కదిలింది. మెల్లగా కదిలింది. ఎంత మెల్లగా అంటే బాణం సైకిల్ రెండుసార్లు ఒరిగిపోబోయింది. పక్కనుంచి నడిచి పోతున్న ఒకాయన వీళ్ళని దాటేశాడు. ముందు అందరి వీపులూ, వీపులకి వేలాడే బ్యాగులూ కనిపిస్తున్నాయి. ఎవరి చక్రం ఎక్కడ తడబడుతోందో, ఎవరు ఎక్కడ కాలు దించుతున్నారో కనిపిస్తోంది. బాణం ఇన్నేళ్ళుగా సైకిల్ తొక్కుతోంది కానీ ఇవేవీ ఎప్పుడూ చూడలేదు.

కంటాసుపత్రి దగ్గరికి వచ్చారు. పచ్చలైటు వెలుగుతోంది. పద్దెనిమిది. పదిహేడు.

గుండీ చెయ్యెత్తింది. బ్రేకు వేసి ఆగింది. వెనక వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు ఆగారు.

"ఇంకా ఉందే! పదిహేను ఉంది!" అని పొడుగువాడు గింజుకున్నాడు. వెనక్కి తిరిగి బాణం వైపు చూశాడు. "నువ్వైతే వెళ్ళిపోయేదానివి కదా?"

బాణం కుడికాలు పెడల్ మీదే ఉంది. పిక్కలు లాగుతున్నాయి. పదిహేను సెకన్లలో తను మూడుసార్లు దాటి రాగలదు.

"వెళ్ళిపోయేదాన్ని" అంది.

కాలు దించి నేల మీద పెట్టింది. అంకెలు ఒకటొకటే తగ్గి సున్నా అయ్యాయి. ఎర్రలైటు వెలిగింది. బస్సులు పోయాయి, లారీ పోయింది, అన్నీ పోయాయి.

మళ్ళీ పచ్చలైటు పడింది. నలభై.

గుండీ వెంటనే కదల్లేదు. సీటు మీదే వెనక్కి తిరిగి, వరస పొడుగునా చూసింది. ఏడుగురినీ దాటి చిట్టచివరిదాకా చూసింది. బాణం చెయ్యెత్తి ఊపింది.

అప్పుడు గుండీ బెల్లు కొట్టి కదిలింది.

అంతే అమ్మలూ. కింద గీత గీసెయ్. మీ నాన్న ఆఫీసునుంచి రాగానే ఇది చదివి వినిపించు. ఊళ్ళో రోడ్ల మీద గీతలు గీసేది వాడి ఆఫీసే కదా, అదీ కంప్యూటర్ మీద. టీవీ చూస్తూ వింటానంటే ఒప్పుకోకు, కట్టేయించి చదువు. స్తంభం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాస్త గట్టిగా చదువు.